జాయింట్ పద్ధతా, సెక్షన్ పద్ధతా?

అనంతపురంలో శెనక్కాయల గోడౌన్‌లో నిలబడి పైకి చూస్తే, రేకుల కింద ఇనుప ట్రస్, అంటే కడ్డీలను త్రికోణాలుగా కలిపిన చట్రం, కనిపిస్తుంది. అందులో ఏ మెంబర్ (కడ్డీ) లాగబడుతోంది, ఏది నొక్కబడుతోంది? దీన్ని లెక్కకట్టడానికి రెండు దారులు: కడ్డీలు కలిసే ఒక్కో జాయింట్ దగ్గర బలాలను సరితూచేది జాయింట్ పద్ధతి, ట్రస్‌ను ఊహలో కోసి ఒక ముక్కను సరితూచేది సెక్షన్ పద్ధతి.

ఒక లెక్క తీసుకుందాం. 12 మీటర్ల స్పాన్ (రెండు సపోర్టుల మధ్య దూరం), 2 మీటర్ల ఎత్తు, 2 మీటర్ల చొప్పున ఆరు ప్యానెళ్లు (గళ్లు). వాలు మెంబర్లు మధ్యవైపు దిగుతాయి. కింది ఐదు లోపలి జాయింట్ల మీద తలా 10 కిలోన్యూటన్ల బరువు. ఒక్కో సపోర్టు దగ్గర రియాక్షన్, అంటే సపోర్టు పైకి తోసే బలం, 25 కిలోన్యూటన్లు.

మూడో ప్యానెల్ కింది మెంబర్‌లోని బలం కావాలి. జాయింట్ పద్ధతిలో సపోర్టు నుంచి మొదలుపెట్టి వరుసగా జాయింట్లు దాటుకుంటూ రావాలి, ఒక్కోచోట తెలియని బలాలు రెండుకు మించకూడదు. మొదటి జాయింట్‌లో ప్లస్, మైనస్ గుర్తు తారుమారైతే ఆ తప్పు చివరిదాకా వెంటే వస్తుంది. చదువుకునే రోజుల్లో నా పేజీలెన్నో అలాగే పోయాయి.

సెక్షన్ పద్ధతిలో ఆ ప్యానెల్‌ను నిలువుగా కోసి ఎడమ ముక్కనే చూస్తాం. తెగిన మెంబర్లు మూడు. మనకు కావాల్సినది కాక మిగతా రెండూ కలిసే పై జాయింట్ దగ్గర మూమెంట్ (బలం × దూరం) తీస్తే అవి లెక్కలోంచి తప్పుకుంటాయి: 25×4 − 10×2 = 80. ఎత్తు 2తో భాగిస్తే 40 కిలోన్యూటన్ల టెన్షన్, అంటే లాగుడు. ఒక్క గీతతో జవాబు!

అన్ని మెంబర్లూ కావాలంటే మాత్రం జాయింట్ పద్ధతే నయం. బలం సున్నా అయిన మెంబర్లు కూడా అందులోనే చప్పున దొరుకుతాయి. నేనైతే జాయింట్లతో చేసి, మధ్యలో ఒక సెక్షన్ కోసి సరిచూస్తాను.