బ్యూకెబుర్గ్: చివరి ప్రిన్స్ కోసం వెళ్తే ఏం చూడాలి, ఏం వదిలేయాలి

హనోవర్ నుంచి మిండెన్ వైపు వెళ్లే లోకల్ రైలెక్కితే గంటలోపే బ్యూకెబుర్గ్ వస్తుంది. జర్మనీలో ఉండే మనవాళ్లు బెర్లిన్, మ్యూనిక్ అంటూ పరుగెడతారు గానీ ఇక్కడ దిగేవాళ్లు తక్కువ. 1918 దాకా ఇది షౌంబుర్గ్-లిప్పె అనే బుల్లి రాజ్యానికి రాజధాని. విస్తీర్ణం 340 చదరపు కిలోమీటర్లు, అంటే 650 చదరపు కిలోమీటర్ల పాత గ్రేటర్ హైదరాబాద్‌లో సగం. 1910లో జనాభా 46 వేల పైచిలుకు. అయినా సొంత ప్రిన్స్ (ఇక్కడ ఏలే రాజు బిరుదే అది), సొంత చట్టసభ, బెర్లిన్‌లో జర్మన్ రాజ్యాలన్నీ కూర్చునే సభలో ఒక ఓటు. అక్కడ జర్మన్ రాజ్యాల్లో అతి పెద్దదైన ప్రష్యాకి 17 ఓట్లుండేవి లెండి.

ఆ చివరి ప్రిన్స్ పేరు అడాల్ఫ్. 1883లో పక్కనే ఉన్న స్టాట్‌హాగెన్‌లో పుట్టాడు. 1911లో తండ్రి గియోర్గ్ చనిపోతే 28 ఏళ్లకే గద్దెనెక్కాడు. ఏలింది ఏడేళ్లు, అందులో నాలుగేళ్లు ప్రపంచ యుద్ధానికే పోయాయి. 1918 నవంబర్ 9న జర్మన్ చక్రవర్తి కైజర్ పదవి ఊడింది, 15న ఇతనూ దిగిపోయాడు.

అందరూ ముందు ప్యాలెస్‌కే వెళ్తారు, మేమూ అంతే. చుట్టూ నీళ్ల కందకం, వంతెన దాటి లోపలికి వెళ్లాలి. మాకు దొరికింది జర్మన్ గైడెడ్ టూర్. చేతికి ఇంగ్లిష్ కాగితం ఒకటి ఇచ్చారు. గైడ్ పది నిమిషాలు చెప్పిన సంగతికి అందులో రెండు లైన్లు ఉంటాయి. జర్మన్ రాకపోతే టికెట్ కొనే ముందే ఇంగ్లిష్ టూర్ ఎప్పుడుందో అడగండి. గోల్డెన్ హాల్ మాత్రం చూసి తీరాలి. 1600 ప్రాంతంలో కొయ్యతో చెక్కి బంగారు పూత పూసిన ద్వారం ఉంది. దాని మీద దేవతల బొమ్మలు ఎంత కిక్కిరిసి ఉన్నాయంటే, మన గాలిగోపురం చూసిన కళ్లకి కొత్తగా ఏమీ అనిపించదు! ప్యాలెస్ చర్చి కూడా అదే ధోరణి, ఖాళీ జాగా అంటూ వదల్లేదు.

కానీ మేం వెతుకుతున్న మనిషి అక్కడ లేడు. ఆ వైభవమంతా 1622లో పోయిన పాత పాలకుడు ఎర్న్‌స్ట్‌ది. గైడ్ కూడా అతని దగ్గరే ఆగిపోయి, అడాల్ఫ్‌ని రెండు వాక్యాల్లో దాటేశారు. ప్యాలెస్ ఇప్పటికీ ఆ వంశం వారిదే, ఒక భాగంలో వాళ్లు కాపురం ఉంటున్నారు. రాజ్యం పోయినా ఇల్లు పోలేదన్నమాట.

అడాల్ఫ్‌ని చూడాలంటే ప్యాలెస్ వెనక పార్కులోకి నడవాలి. చెట్ల మధ్య పెద్ద చర్చిలా కనిపించేది నిజానికి సమాధి మందిరం. తండ్రి పోయిన ఏడాదే, 1911లో పని మొదలైంది, 1915లో పూర్తయింది. బయటి నుంచి చూస్తే బరువైన బూడిద రంగు రాయి, ఏమంత ఆకర్షణ లేదు. లోపలికి వెళ్లి తల పైకెత్తితే గుమ్మటమంతా బంగారు మొజాయిక్. గోరంత గాజు ముక్కలు ఒక్కొక్కటి ఒక్కో కోణంలో అతికించి ఉన్నాయి. మనం రెండడుగులు పక్కకి జరిగితే, అప్పటిదాకా మెరిసిన చోట మసకబారి ఇంకోచోట వెలుగుతుంది. మెడ పట్టేసేదాకా చూశాం. ప్రపంచ యుద్ధం మధ్యలో ఇంత ఖర్చా అని కోపం కూడా వచ్చింది. ఈ బంగారం పూర్తయిన మూడేళ్లకే సింహాసనం పోయింది.

తర్వాతి కథ ఇంకా విచిత్రం. ఏలినన్నాళ్లూ పెళ్లి చేసుకోని ప్రిన్స్, పదవి పోయాక 1920లో బెర్లిన్‌లో రాజవంశానికి చెందని ఎలెన్ బిషోఫ్-కోర్టాస్‌ని పెళ్లాడాడు. పిల్లలు లేరు. 1936 మార్చి 26న ఇద్దరూ మెక్సికోలో విమాన ప్రమాదంలో చనిపోయారు. అతని వయసు 53. తండ్రి కోసం మొదలైన ఈ మందిరంలోనే అతనికీ చోటు దొరికింది. టైమ్ ఒక్క గంటే ఉంటే ప్యాలెస్ వదిలేసి ఇక్కడికి రండి, నా ఓటు దీనికే.

రెండో ఓటు బాడ్ ఐల్సెన్‌కి. బ్యూకెబుర్గ్ నుంచి కొన్ని కిలోమీటర్లే. గంధకపు నీటి ఊటలున్న ఊరు. అక్కడ స్నానం చేస్తే కీళ్ల నొప్పులు తగ్గుతాయని జనం వచ్చేవారు. అడాల్ఫ్ దీన్ని గొప్పింటివాళ్లొచ్చే విడిదిగా మార్చాలని ఫ్యూర్‌స్టెన్‌హోఫ్ అనే భారీ హోటల్ కట్టించాడు. అది తయారయ్యేసరికి రాజ్యం కొసకొచ్చింది. ఇప్పుడక్కడ రీహాబ్ కోసం వచ్చినవాళ్లు చేతికర్రలతో నెమ్మదిగా తిరుగుతుంటారు. లోపల చూడటానికేం లేదు, పార్కులో కూర్చుంటే చాలు. రెండో ప్రపంచ యుద్ధంలో ఫొకే-వుల్ఫ్ విమానాల డిజైన్ ఆఫీసు ఈ ఊరికే వచ్చింది, యుద్ధం అయ్యాక బ్రిటిష్ వాయుసేన దిగింది. బ్యూకెబుర్గ్‌లో ఏకంగా హెలికాప్టర్ మ్యూజియమే ఉంది. విమానంలో పోయిన ప్రిన్స్ ఊళ్లకి ఈ గాలి యంత్రాల పిచ్చేమిటో! పిల్లలుంటే ఆ మ్యూజియానికి తీసుకెళ్లండి, ప్యాలెస్‌లో విసిగిపోయినవాళ్లు ఇక్కడ కదలరు.

ఊరి చర్చి 1615 నాటిది, దారిలోనే ఉంటుంది, పది నిమిషాలు చాలు. తత్వవేత్త హెర్డర్ 1771 నుంచి 1776 దాకా ఈ ఊళ్లోనే మతబోధకుడిగా పనిచేశాడు. మా పక్కన బెంచీ మీద కూర్చున్న ఒక పెద్దాయన మాటల్లో పెట్టి, 1975 ఓటింగ్ గురించి చెప్పాడు. 1946లో లోవర్ సాక్సనీ అనే పెద్ద రాష్ట్రంలో కలిపేసిన షౌంబుర్గ్-లిప్పెని మళ్లీ రాష్ట్రం చేయాలా అని అడిగితే, మొత్తం ఓటర్లలో నూటికి 39 మందికి పైగా చేయాలన్నారట. గెలవడానికి పావువంతు చాలు. అయినా పార్లమెంటు ఒప్పుకోలేదు. ఉద్యమాలు చేసి రాష్ట్రం తెచ్చుకున్న ప్రాంతం నుంచి వచ్చాం అంటే ఆయన కళ్లు పెద్దవయ్యాయి. మా రైలు టైమ్ అయ్యేదాకా వదల్లేదు.

బస విషయానికొస్తే, మేం దిగింది ఒక చిన్న గెస్ట్‌హౌస్‌లో, ఇక్కడ దాన్ని పెన్షన్ అంటారు. గది శుభ్రం, బ్రెడ్డు వేడివేడిగా ఉంది, కానీ లిఫ్ట్ లేదు. ఆ సంగతి బుకింగ్‌లో రాయలేదు, పెద్ద సూట్‌కేసులు మూడో అంతస్తుకి మోసుకెళ్లాం. అత్తమ్మ, మామయ్యలతో వెళ్లేవాళ్లు ముందే ఫోన్ చేసి అడగాలి, లేదంటే హనోవర్‌లోనే ఉండి పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లిపోవడం మేలు. శాకాహారులకి మే నెల మంచిది, ఎక్కడ చూసినా తెల్ల ఆస్పరాగస్, బంగాళాదుంప ఉంటాయి. హామ్ (పంది మాంసం) వద్దని మాత్రం గట్టిగా చెప్పాలి. ఆదివారం సూపర్‌మార్కెట్లు మూసేస్తారు, బాడ్ ఐల్సెన్ బస్సులు కూడా పలచబడతాయి. తిరుగు బస్సు టైమ్ చూసుకోకుండా పార్కులో కూర్చోకండి.