పాత 2960-ఎస్, కొత్త 2960-ఎక్స్ ఒకే స్టాకులో: భీమవరంలో ఏళ్లపాటు వాడాక

భీమవరం దగ్గర రొయ్యల ప్లాంటులో నెట్‌వర్క్ పని నాది. సిస్కో కంపెనీ నెట్‌వర్క్ స్విచ్‌లు 2960-ఎస్‌లు రెండు ముందునుంచీ ఉన్నాయి, 2960-ఎక్స్‌లు రెండు తర్వాత కొన్నాం. నాలుగూ ఒకే స్టాకు, అంటే ప్రత్యేక కేబుళ్లతో కలిపి ఒకే స్విచ్‌లా నడుపుతున్నాం. కలుస్తాయి, కానీ కొత్తవి పాతవాటి స్థాయికి దిగాల్సిందే.

"ఎనిమిది దాకా పెట్టుకోవచ్చండి, స్టాకు మొత్తం వేగం 80 గిగాబిట్లు" అన్నాడు అమ్మినాయన. అన్నీ ఎక్స్‌లే అయితే నిజమే. ఒక్క ఎస్ చేరినా 4 స్విచ్‌లకు మించి పెట్టలేం, ఒక్కో స్టాకు పోర్టు వేగం 10 గిగాబిట్లకి దించాలి. ఎక్స్‌లో ముందే అది మార్చి, రీలోడ్ చేశాకే కేబుల్ బిగించాలి. ఐఓఎస్ (స్విచ్‌ని నడిపే సిస్కో సాఫ్ట్‌వేర్) ఫైళ్లు రెండు మోడళ్లకీ వేరు. అప్‌గ్రేడ్ అంటే రెట్టింపు పని. పట్టుబడులు తక్కువున్న రోజు చూసుకుని పెట్టుకుంటాను.

అసలు తలనొప్పి కరెంటుతో. స్టాకు మొత్తాన్ని నడిపే మాస్టర్ ఎక్సే కావాలని దానికి ప్రయారిటీ 15 ఇచ్చాను, అంతకు మించి లేదు. అయినా కరెంటు పోయొచ్చాక ఒక్కోసారి ఎస్సే మాస్టరై కూర్చునేది. 20 సెకన్ల వ్యవధిలో లేచినవాటి మధ్యే మాస్టర్ ఎన్నిక జరుగుతుంది. ఆలస్యంగా లేచినదానికి ఎంత ప్రయారిటీ ఉన్నా మామూలు మెంబరుగానే చేరుతుంది. ఎస్‌లు ఒక యూపీఎస్ మీద, ఎక్స్‌లు ఇంకోదాని మీద ఉండేవి. జనరేటర్ అందుకునేలోపు ఎక్స్‌ల యూపీఎస్ చేతులెత్తేసేది. నాలుగింటినీ పెద్ద యూపీఎస్ ఒక్కదాని మీదకి తెచ్చాక ఆ గోల లేదు. అది పోతే అన్నీ పోతాయి కదా అంటారేమో. పోతాయి, కానీ అన్నీ కలిసే లేస్తాయి, మాకు అదే నయం. స్టాక్ మ్యాక్ పర్సిస్టెంట్ టైమర్ కూడా 0 పెట్టుకోండి, మాస్టర్ మారినా స్టాకు మ్యాక్ అడ్రసు (నెట్‌వర్క్‌లో దాన్ని గుర్తుపట్టే నంబరు) మారదు.

కేబుళ్లు రింగులా వేయండి. ఒకటి ఊడినా స్టాకు నడుస్తుంది, ఊడిందని ఎవరికీ తెలియదు కూడా. మా ర్యాకు ప్యాకింగ్ హాలు పక్కనే, ఐసు చెమ్మకి స్క్రూలు తుప్పు పట్టేస్తాయి. అందుకే 'షో స్విచ్ స్టాక్-పోర్ట్స్' కొట్టి ఎక్కడైనా డౌన్ అని ఉందేమో అప్పుడప్పుడూ చూస్తాను. స్టాకు కేబుల్ 3 మీటర్లకు మించి దొరకదు. కోల్డ్ స్టోరేజీ స్విచ్ దూరం, దానికి ఫైబర్ వేశాం. దానికి వెళ్లే రెండు అప్‌లింకులనీ స్టాకులోని రెండు వేర్వేరు స్విచ్‌ల నుంచి తీసి ఒక్క పోర్ట్ ఛానల్‌గా (రెండు లైన్లూ ఒకే లైనులా పనిచేసేలా) కట్టాను. ఈ ఏర్పాటులో నాకు బాగా నచ్చింది అదే.

ఎక్స్ అమ్మకాలు 2022లోనే ఆగాయి కాబట్టి ఇప్పుడు కొంటే సెకండ్ హ్యాండే. స్టాకు మాడ్యూల్, కేబుల్ విడిగా అడిగి తీసుకోండి. 2960-ఎక్స్‌ఆర్ అనే మోడల్ చౌకగా వచ్చినా వద్దు, అది ఎక్స్‌ఆర్‌తో తప్ప దేనితోనూ కలవదు.