సైకిల్ హెల్మెట్: ఒకటి పగిలింది, మళ్లీ అదే కొన్నా

మాది అంబాజీపేట దగ్గరండి, రోజూ పొద్దున్నే 5కల్లా సైకిలేసుకుని కాలవ గట్టు మీదుగా ముక్తేశ్వరం రేవు దాకా వెళ్లొస్తా. ఈ హెల్మెట్ అమలాపురంలో సైకిల్ షాపులో 1,650కి తీసుకున్నా. లోపల ఈఎన్ 1078 (సైకిల్ హెల్మెట్లకి యూరప్ వాళ్ల భద్రతా ప్రమాణం) అని స్టిక్కర్ ఉందో లేదో చూసి మరీ కొన్నా. పక్కనే 400వి కూడా ఉన్నాయి, చూడ్డానికి ఇంకా బావున్నాయి గానీ వాటి మీద ఏ నంబరూ లేదు, అలాంటిది తల మీద పెట్టుకోడానికి నాకు మనసొప్పలేదు.

దాళ్వా కోతలప్పుడు రోడ్డు మీద ధాన్యం ఆరబోసి చుట్టూ రాళ్లు పెడతారు కదండి, ధాన్యం ఎత్తేశారు రాళ్లు మాత్రం అలాగే ఉండిపోయాయి, ఇంకా తెల్లారలేదు, ముందు చక్రం ఒక రాయెక్కేసి నేను పక్కకి పడిపోయా, కణత వైపు హెల్మెట్ నేరుగా తారురోడ్డుకి కొట్టుకుంది. మోచెయ్యి, భుజం చెక్కుకుపోయాయి, తలకి మాత్రం బొప్పి కూడా కట్టలేదు. ఇంటికొచ్చి ప్యాడ్లు పీకి చూస్తే లోపలున్న థర్మోకోల్‌ అడ్డంగా చీలిపోయి ఉంది. అమ్మ "పైకి బానే ఉంది కదరా, గమ్ పెట్టి అతికించెయ్" అంది. అలా కుదరదండి, ఆ థర్మోకోల్ నలిగిపోతేనే దెబ్బ తలదాకా రాకుండా ఆగేది, ఒకసారి నలిగాక మళ్లీ పనిచెయ్యదు. అందుకే మళ్లీ అదే కొన్నా.

కానీ ఇది పెట్టుకుంటే ఇంక ఏమీ కాదనుకోకండి. ఈ హెల్మెట్లని టెస్ట్ చేసేది సుమారు 20 కిలోమీటర్ల వేగంతో గట్టిగా ఉన్నదానికి కొట్టించి, అంటే మనం తూలి కింద పడేదానికి సరిపోద్ది. 216 హైవే మీద లారీ 60లో వచ్చి గుద్దితే ఆ వేగంలో ఉండే శక్తి 20లో వచ్చినదానికి 9 రెట్లు, పైగా అప్పుడు దెబ్బ తలకే తగలాలని ఏముంది. మా ఊళ్లో పాలు పోసే ఆయన అలాగే పోయారండి, వెనకనించి గుద్దేసింది, తలకి చిన్న గీత కూడా లేదు. ఆయన సైకిల్‌కి వెనక లైటు లేదు. అది తల్చుకుంటే ఇప్పటికీ కడుపులో దేవేస్తది. అందుకే హెల్మెట్‌తో పాటు వెనక్కి ఎర్రగా మెరిసే లైటు 350కి తీసుకున్నా, బోడసకుర్రు వంతెన వైపు చీకట్లో వెళ్లడం పూర్తిగా మానేశా. కాలవ గట్ల మీద చాలా చోట్ల పక్క గోడ కూడా ఉండదు, ఎదురొచ్చే బండి లైటు కళ్లల్లో కొడితే ఆగి కాలు కింద పెట్టేస్తున్నా.

ఇక హెల్మెట్ విషయానికొస్తే బరువు తెలీదు, గాలి బానే ఆడుద్ది, మన ఉక్కకి చెమటైతే తప్పదు, ప్యాడ్లు వారానికోసారి ఉతక్కపోతే కంపు. గడ్డం కింద బెల్టు తడిస్తే తొందరగా ఆరదు, ఒక స్టార్ అందుకే తగ్గించా. కొనేముందు తల చుట్టూ టేపుతో కొలుచుకోండి, నాది 57 సెంటీమీటర్లు, మీడియం సరిపోయింది. కనుబొమల పైన రెండు వేళ్లు పట్టేంత కిందకుండాలి, చాలామంది వెనక్కి నెట్టేసి పెట్టుకుంటున్నారు, అలాగైతే నుదురంతా ఖాళీయే.

నాన్నకి కూడా ఒకటి కొంటానంటే "ఈ వయసులో నాకెందుకురా, తలగుడ్డ ఉందిగా" అన్నారు. లైటు మాత్రం ఆయన సైకిల్‌కి నేనే బిగించేశా. హెల్మెట్ కోసం ఇంకా అడుగుతూనే ఉన్నా.