సాంటాల్ 33: పట్టనట్టు కనిపించే మనిషి

లె లాబో అనే కంపెనీ వాళ్ల సెంటు సాంటాల్ 33 నేను వాడటం మొదలుపెట్టి చాలా కాలమైంది. మొదటి సీసా పూర్తిగా అయిపోయి రెండోది అడుగుకొస్తోంది కాబట్టి ఇక ధైర్యంగా రాయొచ్చనిపించింది.

గంధం వాసన కోసమే అయితే ఇది కొనకండి. అరగదీసిన గంధంలో ఉండే ఆ తియ్యటి చల్లదనం ఇందులో దాదాపు లేదు. ఇందులో ఉన్నది ఆస్ట్రేలియా గంధం, ఎండిన చెక్కలా పొడిగా ఉంటుంది. దానికి దేవదారు, పాపిరస్ అనే గడ్డి, లెదర్, ఆంబ్రాక్స్ అనే కృత్రిమ సుగంధ రసాయనం తోడవుతాయి, మసాలా ఘాటు ఏలకులది. ఐరిస్, వయొలెట్ కూడా ఉన్నాయి గానీ దీన్ని పూల సెంటు అని ఎవరూ అనరు, అవి పౌడర్‌లా అడుగునెక్కడో ఉండిపోతాయి. 33 అంటే ఇందులో కలిపిన దినుసుల లెక్క, ఈ కంపెనీ సెంట్ల పేర్లన్నీ ఇంతే.

కొట్టుకోగానే ఏలకులు గుప్పుమంటాయి, వాటి వెనకాలే పచ్చిగా, కాస్త పుల్లగా ఇంకేదో. వెనిగర్‌లో ఊరేసిన దోసకాయలా ఉందని చాలామంది వెక్కిరిస్తారు, పూర్తిగా కాదనలేను. కానీ ఆ పచ్చిదనం తగ్గాక వచ్చే చెక్క, లెదర్ వాసన ఉంది చూశారూ, దాని కోసమే నేను మళ్లీ కొన్నాను. ఉదయం కొట్టుకుంటే సాయంత్రం చొక్కా చేతుల మడత విప్పినప్పుడు కూడా తెలుస్తుంది.

ఇక మనిషి సంగతి. 2011లో ఇది వచ్చినప్పుడు కంపెనీ చెప్పిన బొమ్మ ఏంటంటే, అమెరికా పశ్చిమాన ఎడారి, రాత్రి, మంట పక్కన ఒంటరిగా కూర్చున్న మగాడు. తయారుచేసింది ఫ్రాంక్ వోల్కల్, ఆయన పనితనానికి దణ్ణం పెడతాను గానీ ఆ మగాడు మాత్రం నాకెక్కడా కనిపించలేదు. నాకు కనిపించే మనిషి ఆడో మగో తెలియదు. ఎత్తి కట్టిన జుట్టు, ఇస్త్రీ లేని నార చొక్కా, మోచేతుల దాకా మడిచిన చేతులు. చూస్తే దేన్నీ పట్టించుకోనట్టే ఉంటారు. అయితే ఆ చొక్కా నలగడం కూడా ఊరికే నలగలేదు, ఎంత నలగాలో అంతే నలిగింది! తక్కువ మాట్లాడతారు, అడిగినదానికి కాస్త ఆగి జవాబిస్తారు, ఆ ఆగడంలో కొంచెం పొగరు కూడా ఉంటుంది. నాకు ఆ పొగరే నచ్చింది. మొహమాటం ఎక్కువున్నదాన్ని, ఇది కొట్టుకున్న రోజు ‘కుదరదండీ’ అనడం కాస్త తేలికగా ఉంటుంది. నిజంగా సెంటు మహిమో, నా భ్రమో, ఏదైతేనేం.

మా ఆయన కూడా ఇదే సీసా వాడతారు. ఆయన మీద లెదర్ ముందుకొస్తుంది, నా మీద ఐరిస్ పౌడర్ చివరిదాకా నిలుస్తుంది. యూనిసెక్స్ అని రాసిన చాలా సెంట్లు చివరికి మగవాళ్ల సెంట్లలాగే ఉంటాయి, ఇది మాత్రం నిజంగా ఇద్దరిదీ.

జాగ్రత్త పడాల్సింది మోతాదు దగ్గర. ఒకే వాసనకి ముక్కు త్వరగా అలవాటు పడిపోతుంది, కాసేపటికి మనకేమీ తెలియదు, పోయిందేమో అనుకుంటాం, పక్కవాళ్లకేమో తల పట్టేస్తుంటుంది. మెడ వెనక ఒకటి, చొక్కా మీద ఒకటి, అంతకు మించి వద్దు. ఏసీ గదిలో మీటింగ్ ఉంటే ఒక్కటి చాలు. ఉక్కపోత రోజుల్లో ఆ పులుపు ఎక్కువసేపు వేలాడుతుంది, చలికాలంలో చెక్క బాగా పలుకుతుంది.

అందరూ ఇదే వాడుతున్నారన్న ఫిర్యాదు ఉంది, అదీ నిజమే. ఎవరూ వాడనిది కావాలనుకునేవాళ్లకి ఇది పనికిరాదు. కొత్తగా కొనేవాళ్లు కాగితం ముక్క మీద వాసన చూసి తేల్చేయకండి, చేతి మీద కొట్టుకుని కనీసం ఒక పూట తిరగండి. నేనైతే మూడోసారీ కొంటాను, ఈసారి 50 మిల్లీలీటర్లది.