అన్నం బల్ల మీద పెడన బట్ట, మంగళగిరి నాప్‌కిన్లు, నరసాపురం లేసు: నాలుగేళ్లు వాడాక

మంగళగిరి నూలు నాప్‌కిన్లకి పూర్తి మార్కులు. పెడన అద్దకం టేబుల్ క్లాతుకి, దాని గుణం తెలిసి వాడితే, మంచి మార్కులే. నరసాపురం లేసు అందానికి వంక పెట్టలేం గానీ, వడ్డన జరిగే చోట దానికి పని లేదు. ఆరుగురు కూర్చునే 60×36 అంగుళాల బల్ల మీద, నెలకి రెండు మూడు సార్లు బంధువులో స్నేహితులో భోజనానికి వచ్చే ఇంట్లో, ఈ మూడింటినీ నాలుగేళ్లపాటు పరిచి, ఉతికి, ఆరేసి, మళ్లీ పరిచాక తేలిన సంగతి ఇది. బల్ల అలంకరణ గురించి దొరికే సలహాల్లో చాలావరకు ఫోర్కూ కత్తీతో తినేవాళ్ల కోసం చెప్పినవి. పులుసూ పెరుగూ చేత్తో కలుపుకుని తినే బల్లకి వేరే లెక్క కావాలి.

నాప్‌కిన్ల నుంచే మొదలుపెడతాను, ఎందుకంటే ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది అక్కడే. తింటూ మధ్యలో నూనె వేళ్లు గుడ్డకి తుడిచే అలవాటు మనకి తక్కువ. తినడం అయ్యాక లేచి చెయ్యి కడుక్కుంటాం, అప్పుడు తడిచేతిని తుడుచుకోవడానికి గుడ్డ కావాలి. అంటే నాప్‌కిన్‌కి రంగు కన్నా, మెరుపు కన్నా ముందు ఉండాల్సింది తడి పీల్చే గుణం. పాలిస్టర్ కలిసిన నాప్‌కిన్లు షాపులో ముడత లేకుండా చక్కగా కనిపిస్తాయి. చేతికి తగిలితే నీళ్లు అటూ ఇటూ జరుగుతాయి తప్ప ఆరవు. ఒక చుక్క నీళ్లు వేసి చూస్తే తెలిసిపోతుంది: నూలైతే రెండు మూడు సెకన్లలో ఇంకుతుంది, లేకపోతే చుక్క ముత్యంలా నిలబడుతుంది. ఒక్క జాగ్రత్త. కొత్త చేనేత బట్ట మీద కూడా చుక్క నిలబడుతుంది, నేసేటప్పుడు పడుగుకి, అంటే నిలువు దారాలకి, పట్టించిన గంజి దానిలోనే ఉంటుంది కాబట్టి. రాత్రంతా నానబెట్టి, మూడు సార్లు ఉతికాక అసలు గుణం బయటపడుతుంది. మొదటి రోజే పరిచి బట్ట బాగోలేదని పక్కన పడేయొద్దు.

రెడీమేడ్ సెట్ల కంటే మీటర్ల లెక్కన బట్ట కొని కుట్టించుకోవడం నయం. మంగళగిరి డ్రెస్ బట్ట పన్నా సుమారు 44 అంగుళాలు. ఉతికాక కొంత కుదించుకుపోతుంది గనక, ముందు ఉతికి ఇస్త్రీ చేసి, తర్వాతే కత్తిరించాలి. 20 అంగుళాల చదరాలు పన్నాలో రెండు వస్తాయి. పన్నెండు నాప్‌కిన్లకి ఆరు వరసలు, అంటే 120 అంగుళాల పొడవు. కుదింపుకీ, అంచు వంకరకీ కలిపి మూడున్నర మీటర్లు కొంటే సరిపోతుంది. నాలుగు వైపులా అరంగుళం చొప్పున రెండు మడతలు వేసి కుడితే 18 అంగుళాల నాప్‌కిన్ తయారవుతుంది. చిన్నవి, 12 అంగుళాలవి, టీ పార్టీకి పనికొస్తాయి గానీ ఒళ్లో వేసుకుంటే నిలవవు. సన్న నూలు చీర బట్ట వద్దు, పలచన. జరీ అంచు ఉన్న భాగం అసలు వద్దు. పెదాలకి గీసుకుంటుంది, ఉప్పూ పులుపూ తగిలి నల్లబడుతుంది.

మూలల దగ్గరే టైలర్లు తొందరపడతారు. రెండు మడతల అంచు మూల దగ్గర కలిసినప్పుడు అక్కడ తొమ్మిది పొరలు పేరుకుంటాయి. సూది దాటవేస్తుంది, ఉతికాక ఆ మూల గట్టిపడి పైకి లేస్తుంది, ఇస్త్రీకి లొంగదు. ముందే చెప్పి ఏటవాలు మూల వేయించుకోవాలి. అరంగుళం దగ్గరా, అంగుళం దగ్గరా మడిచి గీతలు పడేలా ఇస్త్రీ చేసి, విప్పి, అంగుళం గీతలు రెండూ కలిసే బిందువు మీదుగా మూలని ఏటవాలుగా మడవాలి. ఆ మడతకి పావంగుళం వదిలి మొనని కత్తిరించి, తర్వాత పాత గీతల మీదే అంచు మడిస్తే మూల పలచగా, చదునుగా కూర్చుంటుంది. పద్నాలుగు నాప్‌కిన్లలో పన్నెండు అలా కుట్టించినవి, రెండు మామూలు మూలలవి. నాలుగేళ్లకి కుట్టు వీడింది ఆ రెండింటికే.

ఇక పెడన బట్ట. కృష్ణా జిల్లాలో బందరు పక్కన పెడనలో టేకు అచ్చులతో అద్దే కలంకారీ ఇది, కలంతో గీసే శ్రీకాళహస్తి పని వేరు. ఆ పేరుతో స్క్రీన్ ప్రింటు బట్టలు కూడా అమ్ముతారు. వెనక్కి తిప్పి చూడండి: అసలు అద్దకంలో రంగు వెనకవైపుకీ దిగుతుంది, స్క్రీన్ ప్రింటులో వెనక పాలిపోయి ఉండి పైన చేతికి పొర తగులుతుంది. అచ్చుకీ అచ్చుకీ మధ్య అతుకు కాస్త తప్పడం లోపం కాదు, చేతిపని గుర్తు. నేల రంగు తెల్లగా కాకుండా మీగడ రంగులో ఉంటుంది, బట్టకి ముందు కరక్కాయా పాలూ పట్టిస్తారు గనక.

ఈ కరక్కాయ సంగతి తెలియకపోవడం వల్లే బట్ట పాడవుతుంది. అద్దకంలో నలుపు ఎలా వస్తుందంటే, తుప్పు ఇనుమూ బెల్లమూ నానబెట్టిన నీళ్లతో అచ్చు వేస్తారు. అందులోని ఇనుము, బట్టలో ఉన్న కరక్కాయ వగరుతో కలిసి నల్లగా మారుతుంది. అదే పని మన వంటింటి ఇనుమూ చేస్తుంది. దోసెల పెనం అడుగు తడిగా ఉండగా ఈ బట్ట మీద పది నిమిషాలు పెడితే, తీసేసరికి బూడిదరంగు వలయం, మర్నాటికి నల్లటి వలయం. సబ్బుకి పోదు. దీనికి ఉల్టా కూడా జరుగుతుంది: పులుపు ఆ ఇనుమును లాగేస్తుంది. నిమ్మరసం చుక్క పడి నానితే, చింతపండు పులుసు ఒలికి అలాగే ఎండితే, పువ్వు చుట్టూ ఉన్న నల్ల గీత గోధుమరంగుకి దిగుతుంది. పట్టి చూస్తే తెలుస్తుంది, ఆకు గీత మొత్తం నల్లగా ఉండి ఒక్క రూపాయి బిళ్లంత మేర మట్టిరంగులో ఉంటుంది. పటికతో పట్టిన ఎరుపు మాత్రం గట్టిది, నాలుగేళ్లలో పెద్దగా తేడా రాలేదు. అద్దకంలోని పసుపు రంగు అన్నిటికన్నా ముందు ఎండకి వెలిసింది.

కాబట్టి వడ్డన గిన్నెల కింద చుట్టకుదుర్లో, చెక్క పలకలో తప్పనిసరి. పులుసూ రసమూ ఒలికిన వెంటనే తడిగుడ్డతో అద్ది తీయాలి, రుద్దకూడదు. నిమ్మచెక్కలకి విడిగా చిన్న గిన్నె పెట్టాలి. ఇంత జాగ్రత్త కుదరని ఇంట్లో పెడన బట్టని పండగ రోజు టీ బల్లకి ఉంచుకుని, భోజనానికి ముదురురంగు మామూలు నేతబట్ట పరుచుకోవడం మంచిది.

కొలతల్లో మాకు మేలు జరిగింది. కొన్నది 90×60. పొడవు వైపు 15, వెడల్పు వైపు 12 అంగుళాలు వేలాడింది. బల్ల ఎత్తు 30, కుర్చీ సీటు 18 అయినప్పుడు ఆ 12 అంగుళాలు సరిగ్గా సీటు మీదికి వస్తాయి. కూర్చున్నవాళ్లు బట్ట మీదే కూర్చుని, లేచేటప్పుడు లాగేస్తారు. మొదటి ఉతుకుకి బట్ట 86½×57½ అయింది. పక్క వేలాడు పావు తక్కువ 11కి వచ్చాక ఆ ఇబ్బంది తగ్గింది. కొత్తగా కొనేవాళ్లు కుదింపు పోను 8 నుంచి 10 అంగుళాలు వేలాడేలా చూసుకుంటే హాయి.

బట్ట కింద ఇంకో పొర లేకపోతే ఏ టేబుల్ క్లాతూ కుదురుగా ఉండదు. ఫెల్ట్ గానీ, పాత మందపాటి దుప్పటి గానీ, బల్లకంటే చుట్టూ అరంగుళం చిన్నగా కత్తిరించి వేస్తే గ్లాసుల చప్పుడు తగ్గుతుంది, సన్‌మైకా మీద బట్ట జారదు, ఒలికిన నీళ్లని ఆ పొర తాగుతుంది. పైన పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ షీట్ వేయడం మన ఇళ్లలో బాగా ఉంది. దయచేసి వద్దు. వానాకాలంలో దాని కింద తడి చిక్కుకుని, వారం తిరిగేసరికి ఆవగింజంత నల్ల చుక్కలు వస్తాయి. అది బూజు. నూలులోకి దిగాక పూర్తిగా వదలదు.

అరిటాకులో వడ్డించే రోజు ఇంకో ప్రమాదం ఉంది. ఆకు కోసిన చివర కారే కర, చూడ్డానికి నీళ్లలాగే ఉంటుంది, ఆరాక ముదురు గోధుమరంగు మరక. ఏ సబ్బూ తీయలేదు. రెండు నాప్‌కిన్లు అలాగే వంటింటి గుడ్డలయ్యాయి. ఆకుల్ని రెండు గంటల ముందే కోసి, కోసిన అంచుని కడిగి, పొడిగుడ్డతో తుడిచి, కింద ముదురురంగు మ్యాట్ వేసి పరిస్తే సరి.

మరకల్లో రోజూ ఎదురయ్యేది పసుపు. దీన్ని చూసి కంగారుపడేది సబ్బు తగలగానే ఎర్రబడుతుందని. సబ్బులోని క్షారానికి పసుపు ఎరుపెక్కుతుంది, అంతే. బాగా జాడిస్తే మళ్లీ పచ్చబడుతుంది. ఆ పచ్చదనాన్ని తీసేది ఎండ. తడిగా ఉండగానే ఎండలో ఆరేసి, ఆరాక మళ్లీ తడిపి ఆరేస్తే రెండు మూడు రోజుల్లో కనిపించకుండా పోతుంది. ఆవకాయ నూనె పడితే ముందు చెంచా అంచుతో గీకి, శనగపిండి చల్లి ఇరవై నిమిషాలు ఉంచి దులపాలి. తర్వాత గిన్నెలు తోమే ద్రవాన్ని మరక వెనకవైపు నుంచి వేలితో పట్టించి, గోరువెచ్చటి నీళ్లతో ఉతకాలి. నూనె పూర్తిగా పోకముందే ఇస్త్రీ చేస్తే మరక స్థిరపడిపోతుంది. పెడన బట్టని మాత్రం నీడలోనే ఆరేయాలి. దానిమీద పసుపు పడితే మరక ఉన్న చోటు మటుకే ఎండకి పెట్టి, మిగతా బట్టని పాత దుప్పటితో కప్పాలి. దాన్ని ఉతకడానికి కుంకుడు రసం మేలు, బకెట్ నీళ్లకి ఏడెనిమిది కాయలు నానబెట్టి పిసికి వడగట్టింది. తెల్ల నాప్‌కిన్లకి కుంకుడు వద్దు, లేత గోధుమ ఛాయ వస్తుంది. నాప్‌కిన్లకి ఫాబ్రిక్ కండిషనర్ కూడా వద్దు. మెత్తగా అవుతాయి, తడి పీల్చడం మానేస్తాయి.

గంజి విషయంలో చెయ్యి బిగబట్టాలి. వార్చిన గంజి ఒక గ్లాసుకి ఐదు గ్లాసుల నీళ్లు కలిపి, వడగట్టి, అందులో ముంచి పిండితే మడత నిలుస్తుంది, తడీ పీలుస్తుంది. అంతకన్నా చిక్కగా పెడితే నాప్‌కిన్ అట్టముక్కవుతుంది. కొంచెం తడి ఉండగానే ఇస్త్రీ చేయాలి. పూర్తిగా ఆరనిస్తే ముడత వదలదు.

మడతల గురించి ఒక్కమాట. హంసలూ విసనకర్రలూ చూడముచ్చటగా ఉంటాయి, కానీ విప్పితే పాడవుతుందేమోనని పెద్దవాళ్లు వాటిని ముట్టుకోరు, జేబురుమాలే తీస్తారు. జేబు మడత చాలు. నాప్‌కిన్‌ని నాలుగు మడతలు చేస్తే 9 అంగుళాల చదరం అవుతుంది. విడిగా ఉన్న మూలలు పైన ఎడమవైపుకి రావాలి. అందులో పై పొర మూలని మాత్రమే కింద కుడి మూలకి ఏటవాలుగా మడిచి, కుడివైపు మూడోవంతునీ ఎడమవైపు మూడోవంతునీ వెనక్కి తోస్తే మూడు అంగుళాల జేబు తయారు. చెంచా అందులో పెట్టొచ్చు. దాన్ని కంచానికి ఎడమవైపే పెట్టాలి, కుడిచెయ్యి అన్నంలో ఉంటుంది గనక. చల్లటి నీళ్ల గ్లాసు కూడా ఎడమకే వస్తుంది కాబట్టి, గ్లాసు కాస్త పైకి జరపకపోతే దాని చెమ్మకి నాప్‌కిన్ తినకముందే తడుస్తుంది. పన్నెండుమందికి మించితే కాగితపు టిష్యూలే పెట్టండి, నలభై నాప్‌కిన్లు ఉతికి ఇస్త్రీ చేసే ఓపిక ఎవరికీ ఉండదు.

నరసాపురం లేసు 2024లో భౌగోళిక గుర్తింపు పొందింది. ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు క్రోషియా సూదితో అల్లే ఈ పని దగ్గరగా చూస్తే కన్ను తిప్పుకోలేం. అయితే పులిహోర వడ్డించే చోట వేస్తే మెతుకులూ ఆవాలూ కన్నాల్లోంచి జారి కింద బట్టకి అంటుకుంటాయి, గాజులకీ ఉంగరాలకీ ఉచ్చులు తగులుకుంటాయి. మా దానికి రెండు ఉచ్చులు అలాగే తెగాయి. తెగిన వెంటనే అదే రంగు దారంతో బిగించకపోతే ఊడడం ఆగదు. పూలకుండీ కిందో, పళ్ల బుట్ట కిందో దాని చోటు. ఉతికాక పిండకుండా తువ్వాలులో చుట్టి నొక్కి, థర్మోకోల్ మీద పరిచి, ప్రతి కొస దగ్గరా తుప్పు పట్టని గుండుసూది గుచ్చి ఆరనిస్తే అల్లినప్పటి ఆకారం తిరిగి వస్తుంది.

దాచేటప్పుడు గంజి పూర్తిగా పోయేలా ఉతికి దాచాలి. పుస్తకాలు తినే వెండిరంగు పురుగులకీ, బొద్దింకలకీ గంజి అంటే ఇష్టం. నాఫ్తలీన్ ఉండలు వద్దు, ఆ వాసన మూతి తుడుచుకునే గుడ్డకి పడుతుంది. బాగా ఎండిన వేపాకు పలచటి గుడ్డలో కట్టి పెడితే చాలు. టేబుల్ క్లాతుని ఎప్పుడూ ఒకే చోట మడిస్తే ఆ గీత వెంట నూలు చిట్లుతుంది. అట్ట గొట్టానికి చుట్టి, పైన పాత పంచె కప్పి బీరువాలో నిలబెట్టి ఉంచిన పెడన బట్టకి ఇప్పటిదాకా మడత గీత పడలేదు.