సిన్సా, ఫరా? ఎన్‌గ్రామ్ వ్యూయర్: నాలుగేండ్ల వాడకం తర్వాత

మనకు ‘లో’ ఒక్కటే: బస్సులో, కారులో, ఇంట్లో. ఇంగ్లిష్‌లో అదే ఆన్ ది బస్, ఇన్ ది కార్, ఎట్ హోమ్ అవుతుంది. హన్మకొండలో పోటీ పరీక్షలకు చదివేవాళ్లు, దరఖాస్తులు రాసేవాళ్లు రోజూ తడబడేది ఇక్కడే. గూగుల్ 2010లో తెచ్చిన ఎన్‌గ్రామ్ వ్యూయర్ అనే ఈ ఉచిత సాధనం ఆ తడబాటును చాలావరకు తీరుస్తుంది.

‘మూడేండ్ల సంది’ అని మనసులో అనుకుంటే చేతికి ‘సిన్స్ త్రీ ఇయర్స్’ వచ్చేస్తుంది. దాన్నీ, ‘ఫర్ త్రీ ఇయర్స్’నూ మధ్యలో కామా పెట్టి వెతకండి. పుస్తకాల్లో ఏది ఎంత వాడారో ఏడాదివారీగా గీతలు వస్తాయి. ‘ఫర్’ గీత పైన, ‘సిన్స్’ గీత అడుగున. మాటే తట్టకపోతే ఆ చోట నక్షత్రం గుర్తు (*) పెట్టండి, ఎక్కువగా వాడిన పది మాటలు చూపిస్తుంది. ఐదు మాటలు దాటితే మాత్రం పనిచేయదు.

గీతను గుడ్డిగా నమ్మొద్దు. ‘మ్యారీడ్ విత్’ వెతికితే గీత కనిపిస్తుంది. అది ‘పెళ్లయింది, ఇద్దరు పిల్లలు’ అని చెప్పే ‘మ్యారీడ్ విత్ టూ చిల్డ్రన్’ లాంటి వాక్యాల పుణ్యం. ‘మ్యారీడ్ టు హిమ్, మ్యారీడ్ విత్ హిమ్’ అని పక్కమాటతో కలిపి ఇస్తే అసలు తేడా తెలుస్తుంది. బ్రిటిష్, అమెరికన్ పుస్తకాలను విడివిడిగా ఎంచుకోండి: బ్రిటిష్ వాళ్లది ఎట్ ది వీకెండ్, అమెరికన్లది ఆన్ ది వీకెండ్.

ఆర్టికల్స్ (ఎ, యాన్, ది) దగ్గర ఇది బలహీనం. బ్రిటిష్ వాడుకలో ‘ఇన్ హాస్పిటల్’ అంటే రోగిగా చేరారని, ‘ఇన్ ది హాస్పిటల్’ అంటే ఆ భవనంలో ఉన్నారని. గీతలు అర్థం చెప్పవు, దానికి మంచి డిక్షనరీ కావాలి. పైగా కనీసం 40 పుస్తకాల్లో రాని మాటను లెక్కలోకే తీసుకోదు కాబట్టి మన ఊరి పేర్లకు చాలాసార్లు ఖాళీయే. అక్కడ సూత్రమే దిక్కు: నదికి ‘ది’ పడుతుంది, ది గోదావరి, చెరువు పేరుకు పడదు, పాకాల లేక్.

‘ఎ’నా, ‘యాన్’నా అన్నదానికి సాధనమే అక్కర్లేదు. మాటను తెలుగులో రాయండి. అచ్చుతో మొదలైతే యాన్: యాన్ ఎంజీఎం డాక్టర్, యాన్ ఎన్‌ఐటీ స్టూడెంట్, యాన్ అవర్. హల్లైతే ఎ: ఎ యూనివర్సిటీ. ఇయర్ (ఏడాది), ఎల్లో లాంటి మాటల దగ్గర మాత్రం జాగ్రత్త. మనం అచ్చుతో రాస్తాం కానీ ఇంగ్లిష్‌లో అక్కడ ‘య’ పలుకుతుంది, అందుకే ఎ ఇయర్, ఎ ఎల్లో బస్.