ట్రావెల్ సాకర్ క్లబ్: సంతకం పెట్టే ముందు కాగితం చదవండి

డల్లాస్ పక్కన ఫ్రిస్కో, ప్లేనో వైపు ఉండేవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను, క్లబ్ పేరు చెప్పను. ట్రావెల్ క్లబ్ అంటే పిల్లల్ని ఎంపిక చేసుకుని, వేరే ఊళ్లకి కూడా తీసుకెళ్లి పోటీ మ్యాచ్‌లు ఆడించేది. మావాడు అండర్-11, అంటే మైదానంలో జట్టుకి తొమ్మిదిమంది. కోచింగ్ నిజంగా బాగుంది. ఇప్పుడు బంతి కాలికి అందకముందే భుజం మీదుగా వెనక్కి చూసి, ఖాళీ ఎటుంటే అటే తిరుగుతున్నాడు, ఇదివరకు సరదాగా ఆడిన రిక్రియేషన్ లీగ్‌లో ఇది ఎవరూ నేర్పలేదు.

అసలు సంగతి ట్రయౌట్ (ఎంపిక ఆట) అయ్యాక సంతకం పెట్టించే కమిట్‌మెంట్ కాగితం. ఫీజు నెలనెలా కట్టినా ఒప్పందం ఏడాది మొత్తానికి, మధ్యలో మానేసినా మిగతాది కట్టాల్సిందే, పైగా యూనిఫాం, ప్రయాణం, హోటల్ అన్నీ విడిగా, కొన్ని టోర్నమెంట్లకైతే వాళ్లు చెప్పిన హోటల్లోనే గది తీసుకోవాలి. ప్రాక్టీస్ ఎగ్గొడితే ఆడించే సమయం తగ్గిస్తారు, అది న్యాయమే. తల్లిదండ్రులు గీత బయట నుంచి కోచింగ్ ఇవ్వకూడదన్న రూలు నాకు బాగా నచ్చింది. "పాస్ ఇవ్వరా!" అని మనం అరుస్తుంటే పిల్లాడు బంతిని చూడాలా, నాన్నని చూడాలా?

నచ్చనిది ఒకటుంది. దసరాకి రాలేమని టీం యాప్‌లో ముందే పెట్టినా తర్వాతి మ్యాచ్‌లో సగంసేపు బెంచీ మీదే కూర్చోబెట్టారు, మేనేజర్‌ని అడిగితే ఆ కాగితమే చూపించారు. పండగల సంగతి ముందే రాతపూర్వకంగా తేల్చుకోండి. ఇంకోటి, 2026-27 సీజన్ నుంచి చాలా లీగుల్లో వయసు గ్రూపుకి పుట్టిన తేదీని ఆగస్టు 1 నుంచి జూలై 31 వరకు ఒక ఏడాదిగా లెక్కేస్తారు, కాబట్టి మీ పిల్లలు ఏ టీంలోకి వస్తారో కూడా అడగండి.